ఆడపిల్ల తినకపోతే ఎవరికి కనిపిస్తుంది?

మన ఇళ్లలో ఎవరు ఎంత తిన్నారో వండిపెట్టే మనిషికి తెలుసు. ఆమె ఎంత తిన్నదో మాత్రం ఎవరికీ తెలియదు. మగవాళ్లు తిన్నాక, పిల్లలు తిన్నాక గిన్నెలో మిగిలింది తినడం, ఏమీ మిగలకపోతే ఇన్ని మజ్జిగ తాగి పడుకోవడం మన సమాజంలో స్త్రీకి సుగుణంగా లెక్కకొచ్చింది. కార్తీక సోమవారం ఒక ఉపవాసం, శనివారం ఒక ఉపవాసం, భర్త ఆయుష్షు కోసం ఒకటి, మంచి మొగుడు దొరకాలని అట్లతద్ది నాడు ఇంకొకటి. భర్త పోతే ఒంటిపూట భోజనం. ఆడది తినకపోవడానికి ఇన్ని గౌరవప్రదమైన కారణాలున్న చోట, పదిహేడేళ్ల పిల్ల ఒకతి జబ్బుతో తిండి మానేస్తే ఆ సంగతి ఎవరి కంట పడుతుంది?

అలాంటి జబ్బులున్నాయి. వైద్యులు వాటిని ఈటింగ్ డిజార్డర్స్ అంటారు. తెలుగులో ఆహార రుగ్మతలు అందాం. వరకట్నం, గృహహింస, గర్భసంచి ఆపరేషన్లు, కుటుంబ నియంత్రణ పేరిట జరిగిన అత్యాచారాలు ఇలా స్త్రీల శరీరాలకు సంబంధించిన ఎన్నో విషయాలను చర్చకు తెచ్చిన మన సంఘాలు, ఈ జబ్బుల గురించి దాదాపు మాట్లాడలేదు. ఇందుకు రెండు కారణాలు వినిపిస్తాయి. ఇది డబ్బున్న ఇళ్ల అమ్మాయిల ఫ్యాషన్ జబ్బు, పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతి అయిన సరుకు అన్నది ఒకటి. తిండి దొరకని స్త్రీలు లక్షల్లో ఉన్న చోట, తిండి ఉండీ తినని వాళ్ల గురించి మాట్లాడటం అన్యాయం అన్నది రెండవది.

రెండవ అభ్యంతరం బరువైనది. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉన్నవాళ్లు ఆంధ్రలో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం. అదే సర్వేలో, అదే వయసు స్త్రీలలో, అధిక బరువు ఉన్నవాళ్లు ఆంధ్రలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, పస్తులూ అధిక బరువూ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. స్త్రీకీ తిండికీ మధ్య సంబంధం పేదరికం వల్ల ఎంత చెడిందో, ఆమె శరీరం మీద ఇతరుల పెత్తనం వల్ల కూడా అంతే చెడింది. ఒకదాని గురించి మాట్లాడితే రెండోదాన్ని మరిచినట్టు కాదు. ఇక మొదటి అభ్యంతరం, అంటే ఇది దిగుమతి సరుకు అన్న మాట, ఎంతవరకు నిజమో చూద్దాం.

ఏమిటీ జబ్బులు?

వీటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది అనొరెక్సియా నెర్వోసా. తిండి బాగా తగ్గించేసి, శరీరం ప్రమాదకరంగా చిక్కిపోతున్నా ఆపలేకపోవడం దీని లక్షణం. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ అనే ఇద్దరు వైద్యులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని వర్ణించారు. అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం అని అర్థం. నిజానికి ఆ పేరే తప్పు. ఈ పిల్లలకు ఆకలి ఉంటుంది. చాలా కాలం దానితో యుద్ధం చేస్తూనే ఉంటారు.

రెండవది బులీమియా నెర్వోసా. దీనికి 1979లో జెరాల్డ్ రసెల్ అనే వైద్యుడు పేరు పెట్టాడు. తమను తాము ఆపుకోలేనంతగా తినేయడం, ఆ తరువాత భయంతో, సిగ్గుతో దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూడటం ఇందులో ఉంటాయి. మూడవది బింజ్ ఈటింగ్, అంటే అదుపు తప్పి అతిగా తినడం. ఇందులో వదిలించుకునే ప్రయత్నం ఉండదు, తినడమూ ఆ తరువాత తనను తాను అసహ్యించుకోవడమూ ఉంటాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని ప్రత్యేక జబ్బుగా గుర్తించింది.

ఇవి మగపిల్లలకూ వస్తాయి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ వస్తాయి. కానీ అనొరెక్సియా, బులీమియా బాధితుల్లో అత్యధికులు స్త్రీలు. మానసిక వ్యాధులన్నింటిలో మరణాల రేటు చాలా ఎక్కువగా ఉన్న వాటిలో అనొరెక్సియా ఒకటి. గుండె లయ తప్పి కొందరు పోతారు, ఆత్మహత్య చేసుకొని కొందరు పోతారు. బతికినవాళ్లలో నెలసరి ఆగిపోవడం, ఎముకలు గుల్లబారడం సాధారణం. బులీమియాలో పళ్ల పైపొర అరిగిపోతుంది, రక్తంలో పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 2025 మార్చిలో కేరళ నుంచి ఒక వార్త వచ్చింది. అప్పుడే కాలేజీలో చేరిన ఒక అమ్మాయి లావవుతానన్న భయంతో నెలల తరబడి సరిగా తినక చనిపోయిందని. ఫ్యాషన్ వల్ల ఎవరూ ఇలా చావరు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ జబ్బున్న మనిషి ఎముకల గూడులా ఉండాలనేమీ లేదు. బొద్దుగా ఉన్న పిల్ల తిండి మానేసి కొద్ది నెలల్లో సగమైపోతే, లోపల జరిగే నష్టం సన్నటి పిల్లకు జరిగేటంతే ప్రమాదకరం. తేడా ఒక్కటే. సన్నటి పిల్లను చూసి ఎవరో ఒకరు కంగారుపడతారు. ఈ పిల్లను మాత్రం అందరూ మెచ్చుకుంటారు, ఎలా తగ్గావో మాకూ చెప్పమంటారు.

అద్దం ఒక్కటే కారణమా?

ఈ జబ్బులకు స్త్రీవాదులు ఇచ్చిన వివరణ ఉంది, దాని విలువ చాలా పెద్దది. 1978లో సూసీ ఆర్బాక్ రాసిన పుస్తకం, 1993లో సూసన్ బోర్డో రాసిన పుస్తకం, ఆడవాళ్లకూ తిండికీ మధ్య జరిగే ఘర్షణను ఆసుపత్రి గదిలోంచి బయటికి తెచ్చి సమాజం ముందు పెట్టాయి. స్త్రీ ఎక్కువ చోటు ఆక్రమించకూడదు, ఎక్కువ అడగకూడదు, ఆమె కోరికలు అదుపులో ఉండాలి. ఈ భావజాలం ఆడపిల్ల శరీరంలోకే దిగినప్పుడు ఏమవుతుందో వాళ్లు చూపించారు.

మన దేశంలోనూ ఈ వాదనకు సాక్ష్యం వెతుక్కోనక్కర లేదు. 1991 తరువాత తెరుచుకున్న మార్కెట్టు వెంట సబ్బులూ క్రీములే కాదు, కొత్త కొలతలూ వచ్చాయి. 1994లో ప్రపంచ సుందరి, విశ్వసుందరి కిరీటాలు రెండూ మన దేశానికే వచ్చాయి. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చి వ్యతిరేకించాయి. 2025 మేలో అవే పోటీలు హైదరాబాదులో జరిగాయి, ఈసారి రాష్ట్ర ప్రభుత్వమే ఆతిథ్యమిచ్చింది. మన సినిమాల్లో ఒకప్పుడు నిండుగా ఉన్న నాయికలకు చోటుండేది. 2015లో వచ్చిన సైజ్ జీరో సినిమా కోసం అనుష్క బరువు పెరిగితే, కథ కంటే ఆమె బరువే పెద్ద వార్త అయింది. ఇప్పుడు అద్దం గోడకు కూడా లేదు. అరచేతిలో ఫోనై కూర్చుంది, ఆడపిల్లకు రోజుకు వందసార్లు తన ముఖమూ, ఇతరుల నడుములూ చూపిస్తోంది.

ఫిజీ దీవుల్లో జరిగిన ఒక పరిశోధన ఈ విషయంలో ప్రసిద్ధం. అక్కడి సంస్కృతిలో పుష్టిగా ఉండటమే అందం, బాగా తినమని చెప్పడమే మర్యాద. 1995లో నద్రోగా ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అప్పుడొకసారి, మూడేళ్ల తరువాత ఒకసారి హైస్కూలు అమ్మాయిలను ప్రశ్నించారు. బరువు తగ్గడం కోసం వాంతి చేసుకుంటున్నామని చెప్పినవాళ్లు 1995లో ఒక్కరూ లేరు. 1998లో 11.3 శాతం మంది ఉన్నారు.

అయితే ఇక్కడితో ఆగిపోతే మనకు సగం కథే తెలుస్తుంది. అదే టీవీ, అదే ఫోను కోట్లమంది చూస్తారు, అందరికీ జబ్బు రాదు. కవలల మీద జరిగిన పరిశోధనలు అనొరెక్సియాలో వంశపారంపర్యత పాత్ర గణనీయమని చూపించాయి. 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం దాదాపు 17 వేల మంది అనొరెక్సియా రోగుల డిఎన్ఏను పరిశీలించి, జబ్బుతో సంబంధమున్న ఎనిమిది చోట్లను గుర్తించింది. వాటి సంబంధం మనసుకు సంబంధించిన లక్షణాలతోనే కాదు, శరీరం తిండిని శక్తిగా మార్చుకునే పద్ధతితో కూడా ఉందని తేలింది. పట్టుదల, పొరపాటు చేయకూడదన్న తపన, ఆందోళన స్వభావం ఉన్న పిల్లలకు ముప్పు ఎక్కువ. చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్లలో బులీమియా, బింజ్ ఈటింగ్ ఎక్కువగా కనిపిస్తాయని కూడా అనేక పరిశోధనలు చెబుతున్నాయి. కౌన్సెలింగ్ కేంద్రాలు నడిపేవాళ్లు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

జన్యువులు అనగానే మనలో చాలామందికి అనుమానం. జీవశాస్త్రం పేరు చెప్పి స్త్రీల అణచివేతను సహజం చేసిన చరిత్ర మనకు తెలుసు కనుక ఆ అనుమానం న్యాయమైనదే. కానీ ఈ సందర్భంలో ఆ జ్ఞానం ఆడపిల్ల పక్షానే నిలబడుతుంది. ఆమె మొండితనం వల్ల, గారాబం వల్ల, అందం పిచ్చి వల్ల ఇలా అయిందనే నిందను అది తొలగిస్తుంది. శరీరంలో ఉన్న బలహీనతను నిప్పంటించే అగ్గిపుల్ల సమాజం చేతిలో ఉంది. రెండూ కలిస్తేనే మంట.

అలక, దీక్ష, జబ్బు

ఇప్పుడు దిగుమతి సరుకు అన్న వాదన దగ్గరకు వద్దాం. 1995లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు అయిదుగురు యువతుల గురించి రాశారు. తినడానికి నిరాకరించడం, వాంతులు, విపరీతంగా చిక్కిపోవడం, నెలసరి ఆగిపోవడం వాళ్లలో ఉన్నాయి. పాశ్చాత్య పుస్తకాల్లో ముఖ్య లక్షణంగా రాసిన, తన శరీరం తనకే లావుగా కనిపించడమన్నది మాత్రం వాళ్లలో లేదు. దాదాపు అదే కాలంలో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు, లావు భయం లేని అనొరెక్సియా రోగులను వర్ణించాడు. కడుపు నిండుగా ఉంది, తినబుద్ధి కావడం లేదు, అంతే వాళ్లు చెప్పేది.

ఇది చాలా ముఖ్యమైన విషయం. లావవుతానన్న భయం లేకుండానే ఆడపిల్ల తిండి మానేస్తున్నదంటే, ఆమె వేరే ఏదో చెబుతోందని అర్థం. ఆసియా దేశాల నుంచి వచ్చిన ఇలాంటి ఆధారాల వల్ల కూడా వైద్యుల దృష్టి మారింది. 2013లో సవరించిన లక్షణాల పట్టికలో, లావవుతానన్న భయం నోటితో చెప్పకపోయినా బరువు పెరగకుండా అడ్డుపడే ప్రవర్తన ఉంటే చాలన్నారు. నెలసరి ఆగిపోయి ఉండాలన్న షరతు తీసేశారు.

తినకపోవడం ద్వారా మాట్లాడటం మనకు కొత్తేమీ కాదు. దానికి మన భాషలో ఒక ముద్దుపేరే ఉంది, అలక. పురాణాల్లో సత్యభామ అలిగింది, కైక కోపగృహంలో పడుకుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. మాట చెల్లని మనిషికి కంచాన్ని తోసేయడం ఒక్కటే మిగిలిన ఆయుధం. దాన్నే మగవాడు బహిరంగంగా చేస్తే నిరాహార దీక్ష అవుతుంది. 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజులు దీక్ష చేసి ప్రాణం వదిలితే ఒక రాష్ట్రమే వచ్చింది. ఇరోమ్ షర్మిల 2000 నుంచి 2016 దాకా పదహారేళ్లు దీక్ష చేస్తే ముక్కులో గొట్టం వేసి బతికించారు. ఆమె కోరిన చట్టం రద్దు కాలేదు.

సూసీ ఆర్బాక్ 1986లో అనొరెక్సియా మీద రాసిన పుస్తకానికి నిరాహార దీక్ష అనే అర్థం వచ్చే పేరే పెట్టింది. పోలిక బాగుంది. కానీ దీక్ష చేసేవాడికి కోరిక ఏమిటో తెలుసు, అది నెరవేరితే నిమ్మరసం తాగి విరమించవచ్చు. ఈ అమ్మాయికి తన కోరిక ఏమిటో స్పష్టంగా తెలియదు, అడిగేవాళ్లు లేరు. ఏ చదువు చదవాలో, ఎవరిని పెళ్లాడాలో, ఎప్పుడు బయటికి వెళ్లాలో తన చేతిలో లేని పిల్లకు, నోట్లోకి వెళ్లే ముద్ద ఒక్కటే తన చేతిలో ఉన్నట్టు తోస్తుంది. కొన్నాళ్లకు అది కూడా ఆమె చేతిలో ఉండదు. ఆపాలనుకున్నా ఆపలేని స్థితి వస్తుంది. అలకకూ జబ్బుకూ తేడా అక్కడే ఉంది. అందుకే దీన్ని తిరుగుబాటు అని పొగడటం కూడా మనకు తగదు.

ఆకలి మనసును ఏం చేస్తుంది?

ఆ స్థితి ఎలా వస్తుందో అర్థం చేసుకోవడానికి ఒక పాత ప్రయోగం సాయపడుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అర్ధాకలి తిండి పెట్టాడు. వాళ్లంతా యుద్ధంలో చేరడానికి నిరాకరించి, ఈ ప్రయోగానికి స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. మనుషులే మారిపోయారు. రాత్రింబవళ్లు తిండి గురించే ఆలోచన, వంటల పుస్తకాలు చదవడం, ఒక్కో భోజనాన్ని చాలాసేపు సాగదీసి తినడం, చిరాకు, దిగులు, స్నేహితులకు దూరం కావడం. మళ్లీ తిండి దొరికాక కొందరు ఆపుకోలేకుండా తినేశారు. ఎవరికీ అంతకుముందు ఏ మానసిక జబ్బూ లేదు.

అంటే మనం జబ్బు స్వభావం అనుకునే వాటిలో చాలా భాగం ఆకలి చేసే పనే. కారణం ఏదైనా కావచ్చు, పరీక్షల ఒత్తిడి, పెళ్లిచూపుల్లో లావుగా ఉందన్న మాట, పీసీఓడీ ఉంది బరువు తగ్గమన్న డాక్టరు సలహా, ఏదో ఒక వ్రతం. తిండి తగ్గించడం మొదలయ్యాక, లోపల ఆ బలహీనత ఉన్న పిల్లలో ఆకలే జబ్బును నడిపిస్తుంది. ఆకలితో మెదడు బిగుసుకుపోతుంది, బిగుసుకున్న మెదడు తిననివ్వదు.

చికిత్సకు అర్థం

కాబట్టి చికిత్సలో మొదటి మందు తిండే. ఎన్ని మంచి మాటలు చెప్పినా ఆకలితో ఉన్న మెదడుకు అవి ఎక్కవు. అయితే నెలల తరబడి పస్తున్న శరీరానికి ఒక్కసారి కడుపునిండా పెట్టడం ప్రమాదం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు చెరల నుంచి విడుదలైన ఖైదీలు కొందరు, తిండి దొరికాకే చనిపోయారు. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం హఠాత్తుగా పడిపోవడం దానికి కారణం. అందువల్ల బాగా చిక్కిన పిల్లకు ఇంట్లో బలవంతంగా పెట్టడం కాకుండా, ముందు ఆసుపత్రిలో రక్త పరీక్షలు, గుండె పరీక్ష చేయించి, వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచాలి.

తరువాత వచ్చే ప్రశ్న కుటుంబం పాత్ర. 1873లో గల్ ఈ రోగులను బంధువుల నుంచి దూరం చేయాలన్నాడు. వంద సంవత్సరాల పాటు వైద్యులు తప్పంతా తల్లి మీదికి నెట్టారు. పిల్లను ఊపిరాడకుండా పెంచిందన్నారు, ప్రేమించలేదన్నారు. 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో దీనికి పూర్తి భిన్నమైన పద్ధతి రూపుదిద్దుకుంది. ఎందుకు వచ్చిందన్న విచారణ పక్కనపెట్టి, ముందు పిల్లను తినిపించే బాధ్యత తల్లిదండ్రులకే అప్పగిస్తారు. వైద్యులు పక్కన నిలబడి నేర్పిస్తారు. ఆరోగ్యం కుదుటపడే కొద్దీ తిండి మీద అధికారం మళ్లీ పిల్ల చేతికి వస్తుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు, జబ్బు మొదలై ఎక్కువ కాలం కాకముందు, ఈ పద్ధతి బాగా పనిచేస్తుందని తేలింది. కుటుంబమే ఈ జబ్బుకు మూలకారణమన్న వాదాన్ని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో తోసిపుచ్చింది.

మన పరిస్థితుల్లో ఈ పద్ధతికి ఒక సవరణ కావాలి. తల్లిదండ్రులు అంటే మన ఇళ్లలో ఆచరణలో తల్లి ఒక్కతే. మూడు పూటలా వండి, పక్కన కూర్చుని, ఏడుపులూ తిట్లూ భరించి, చివరికి నీ వల్లే ఇలా అయిందన్న మాట కూడా ఆమే పడాలి. తండ్రి కూడా సెలవు పెట్టి కంచం దగ్గర కూర్చోవాలని వైద్యుడు గట్టిగా చెప్పకపోతే, చికిత్స పేరుతో మరో స్త్రీ మీద మరో బరువు వేసినట్టే. ఇల్లే హింసకు స్థావరమైన చోట, ముఖ్యంగా ఇంట్లోనే లైంగిక హింస జరిగిన చోట, ఈ పద్ధతి పనికిరాదు. అది గుర్తించగలిగేది వైద్యులకంటే ముందు మన కార్యకర్తలే.

బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు ఆలోచనలనూ అలవాట్లనూ కలిపి మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది. అందులో మొదటి పని మూడు పూటలా వేళకు తినడం. పస్తుండటమే అతిగా తినడానికి దారితీస్తుంది కనుక. బులీమియాలో ఫ్లూఆక్సెటిన్ అనే మందు కొంత ఉపయోగపడుతుంది. అనొరెక్సియాను నయం చేసే మాత్ర ఇంతవరకు లేదు. కోలుకోవడానికి నెలలు కాదు, తరచు సంవత్సరాలు పడుతుంది. మధ్యలో జబ్బు తిరగబెడుతుంది. అయినా సరైన సమయంలో సాయం అందినవాళ్లలో చాలామంది కోలుకుంటారు.

పెళ్లి చేస్తే సర్దుకుంటుందనడం, దెయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడం, కొట్టి తినిపించడం, నలుగురిలో సిగ్గుపడేలా చేయడం చికిత్సలు కావు. పెళ్లి చేస్తే ఆ పిల్ల తినకపోవడం చూసేవాళ్లు ఇంకా తగ్గిపోతారు.

మనం చేయవలసింది

మన కౌన్సెలింగ్ కేంద్రాలకు ఆహార రుగ్మత అని చెప్పుకుంటూ ఎవరూ రారు. నీరసం, కడుపునొప్పి, నెలసరి రాకపోవడం, చదువులో వెనకబడటం, ఆత్మహత్యాయత్నం అంటూ వస్తారు. మన కేసు ఫారాల్లో హింస గురించి అడిగే ప్రశ్నలతో పాటు తిండి గురించి నాలుగు ప్రశ్నలు చేర్చాలి. నిన్న ఏం తిన్నావు? ఎవరితో కలిసి తిన్నావు? తిన్నాక భయం, అసహ్యం కలుగుతాయా? ఈ ఆరు నెలల్లో బరువు బాగా మారిందా? అడిగేటప్పుడు ఆమె ఒళ్లు ఎలా ఉందో వ్యాఖ్యానించకూడదు. చిక్కావు అన్నా, కాస్త ఒళ్లు చేశావు అన్నా ఆ పిల్ల చెవికి అది తీర్పే.

రెండవది, హాస్టళ్లు. ఇంటర్ చదువుల కోసం పదిహేను పదహారేళ్ల ఆడపిల్లలను వేల సంఖ్యలో హాస్టళ్లలో పెడుతున్నాం. మార్కుల లెక్క వారం వారం ఇంటికి చేరుతుంది. మెస్‌కు రాని పిల్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు. సంక్షేమ హాస్టళ్లకైనా, ప్రైవేటు కళాశాలల హాస్టళ్లకైనా, వార్డెన్లకు ఈ జబ్బుల లక్షణాలు తెలిసి ఉండాలని మనం డిమాండ్ చేయాలి.

మూడవది, ఉన్న చట్టాలను వాడటం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సేవల్లో మానసిక చికిత్స పొందడం హక్కు అని, బీమా కంపెనీలు శరీరపు జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. ఆహార రుగ్మతలు మానసిక జబ్బులే కనుక ఆ హక్కు వీళ్లకూ ఉంది. 2005 గృహహింస చట్టం అవమానించడం, ఎగతాళి చేయడం కూడా హింసే అంటుంది. పిల్లలు పుట్టాక లావైపోయావని రోజూ భార్యను దెప్పే భర్త మాటలు ఆ పరిధిలోకి వస్తాయి. 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం, స్థూలకాయాన్ని నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్నే నిషేధించింది. మన దినపత్రికలు, టీవీ ఛానళ్లు, బస్సుల వెనక భాగాలు ఇప్పటికీ ఆ ప్రకటనలతో నిండి ఉన్నాయి. ఫిర్యాదు రాయడానికి ఒక కాగితం చాలు.

నాలుగవది, వైద్యం అందుబాటు. రెండు రాష్ట్రాల్లో హైదరాబాదు ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలలున్నాయి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి దేశంలో ఉంది, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నెంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. ఈ జబ్బుకు మాత్రం ఒక్క మానసిక వైద్యుడు చాలడు. గుండె చూసే వైద్యుడు, పోషకాహార నిపుణురాలు, కుటుంబంతో మాట్లాడే సలహాదారు కలిసి పనిచేయాలి. అన్ని సౌకర్యాలూ ఉన్న బోధనాసుపత్రుల్లోనైనా అలాంటి బృందం ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

చివరగా మన సంఘాల లోపలి సంగతి. మీటింగుల్లో, శిబిరాల్లో ఒకరినొకరు పలకరించుకునేటప్పుడు మనం కూడా ఒళ్ల గురించే మొదలుపెడతాం. రోజంతా తిరిగి, ఏమీ తినకుండా పనిచేసిన కార్యకర్తను త్యాగమూర్తి అంటాం. ఆడది తినకపోవడం సుగుణమన్న పాత పాఠం ఉద్యమాల్లో కూడా కొనసాగుతూనే ఉంది. వచ్చే శిబిరంలో భోజనాలకు వేళ పెట్టుకొని, అందరూ ఒకేసారి కూర్చొని తిని, ఎవరు రాలేదో చూద్దాం. రానివాళ్లను అందరి ముందు నిలదీయవద్దు. తరువాత పక్కకు తీసుకెళ్లి, ఎందుకు తినలేదో మెల్లగా అడుగుదాం.